ఆమెకు నేను చదవని ముగింపు

ఇరవై ఏళ్ళుగా ఒక నవల చివరి భాగం నా గుండెల మీద బరువుగా కూర్చుని ఉంది. దించుకుందామని చాలాసార్లు అనుకున్నాను. ఎవరి ముందు దించాలి? నవల సంగతంటే నవ్వేస్తారు. అందుకే నన్నెరగని మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడక్కండి.

ఇప్పుడు నాకు కాస్త పేరుంది లెండి. పుస్తకాలు చదివే ఆడవాళ్ళం ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం, మా కోడుమూరు నుంచి కడప దాకా. "అక్కా, పాతకాలం ప్రేమకథ ఒకటి చెప్పు, మెల్లగా సాగేది" అని అడుగుతారు. చెబుతాను. కోటలుండాలి, గుర్రాలుండాలి, ప్రేమ మాత్రం రెండు వందల పేజీలైనా బయటపడకూడదు. పదో పేజీలోనే చేతులు పట్టుకునే కథలు నా దగ్గర చెల్లవు. నేను చెప్పిన పుస్తకం బాగోలేదన్న మనిషి ఇంతవరకూ లేదు. ఈ మాట రాస్తుంటే గర్వంగానే ఉంది. ఆ గర్వం వెనకే ఈ సంగతిని ఇన్నాళ్ళూ దాచుకున్నాను.

మా అత్తవారింట్లో నాలుగు మగ్గాలు. ఇంటర్ చదివి వచ్చిన కోడలిని నేను. మగ్గం పనికి నా చేతులు పనికిరావని నెల తిరక్కుండానే అందరికీ తెలిసిపోయింది. మగ్గం మీద పడుగు, అంటే నిలువు దారాలు, అయిపోయినప్పుడల్లా కొత్త పడుగు పోగుల్ని పాత పోగులకు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. మా ఇంట్లో ఆ పని సుంకక్కది. మా వీధి మనిషే. భర్త పోతే అన్న ఇంట్లో ఉంటూ, వదిన మాటలు పడుతూ బతికేది. అప్పటికి ముప్పై రెండేళ్ళుంటాయేమో. చదువు రాదు. వేళ్ళకు బూడిద అద్దుకుని పోగులు మెలిపెడుతుంటే ఆ వేగానికి చూపు నిలిచేది కాదు. నేను పక్కన చేరి నవల చదివి వినిపించేదాన్ని. అతుకు ఉన్న రోజే చదువు. మళ్ళీ పడుగు అయిపోయేదాకా కథ అక్కడే ఆగిపోయేది. అలా ఒక్కో నవలకు ఏడాది పట్టేది.

ఆ ఏడాది చదువుతున్నది నవాబుల కాలంనాటి కర్నూలు కథ. తుంగభద్రకు అవతలి ఒడ్డున బట్టలకు రంగులద్దే ఇంటి పిల్ల, ఇవతలి ఒడ్డున కోటలో ఉత్తరాలు రాసే అబ్బాయి. నాలుగు వందల పేజీలైనా ఇద్దరిలో ఒక్కరూ నోరు విప్పరు. సుంకక్క కథా అలాగే నడుస్తోంది. కడప దగ్గర ఎర్రగుంట్లలో సిమెంటు లారీ నడిపే ఓబులేసు వాళ్ళ అక్కను మా వీధిలోనే ఇచ్చారు. అతనికి భార్య పోయింది. రెండేళ్ళ కూతురు, పద్మ. నెలకోసారి అక్కను చూడటానికి వస్తూ చీనీకాయలు తెచ్చేవాడు. వీధిలో ఇంటికి రెండు కాయలు, సుంకక్కకు మాత్రం నాలుగు. అంతకు మించి ఒక్క మాట లేదు.

నవల చివరి భాగం మొదలుపెట్టిన రోజు అడిగింది సుంకక్క.

"మే, ఆ పిల్లే పోయి చెప్తాదా, ఆయప్పే వస్తాడా?"

"ఎందుకక్కా అంత తొందర?"

"రేపు ఓబులేసు వస్తాండాడు. నేనే నోరు తెర్సి అడగల్లనా, వద్దా? శానా దినాల్నుంచి ఇదే ఆలోచన. ఆ పిల్ల పోతే నేనూ పోతా."

నవ్వుతూనే అంది. కానీ ఆమె వేళ్ళు ఆగాయి. పోగుల మీద ఆ వేళ్ళు ఆగడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

నేను ముందే చదివేసి ఉన్నాను. పుస్తకంలో ఆ పిల్ల పడవెక్కి ఏరు దాటుతుంది. అతని తల్లి ముందే నిలబడి "నీ కోసమే వచ్చాను" అంటుంది. అచ్చక్షరాలు నా కళ్ళ ముందే ఉన్నాయి. నేను పైకి చదివింది వేరు. ఆ పిల్ల ఏటి దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది, ఓపిగ్గా ఎదురుచూసింది, ఏళ్ళు గడిచాక అతనే వచ్చాడు. పేజీలు తిప్పుతూ, మధ్యలో గుక్క తిప్పుకుంటూ, తడబడకుండా చెప్పుకుపోయాను. నేను జీవితంలో అల్లిన కథ అదొక్కటే. బాగా అల్లాను కూడా. సుంకక్క కళ్ళు తుడుచుకుంది.

ఎందుకు చేశాను? అతికే మనిషి పోతే మగ్గాలు ఆగుతాయనా? ఇంకొకరు దొరక్కపోరు. కాదు. ఆ ఇంట్లో నన్ను చేతకానిదానిగా చూడని మనిషి ఆమె ఒక్కతే. నేను చదువుతుంటే ఆమె వినేది, ఆమె వింటుంటే నాకూ ఒక విలువ ఉన్నట్టుండేది, ఎర్రగుంట్లకు వెళ్ళిపోతే నా గొంతు ఎవరికి కావాలి అన్న భయం ఆ ఒక్క క్షణంలో మిగతా అన్నిటినీ మింగేసింది. నాకు ఆమె కావాల్సి వచ్చింది. అంతే. ఇంతకంటే మంచి కారణం వెతికాను, దొరకలేదు.

నవల విని ఎవరైనా బతుకు నిర్ణయించుకుంటారా అంటారేమో. నేనూ ఆ మాటే అడ్డం పెట్టుకుని నెట్టుకొచ్చాను. మరుసటి రోజు ఓబులేసు వచ్చాడు, చీనీకాయలిచ్చాడు, వెళ్ళాడు. సుంకక్క నోరు తెరవలేదు. అలా నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళూ ఆమె నాకు దక్కింది, ఇంకో నాలుగు నవలలు చదివాను, నిజం చెప్పాలంటే సంతోషంగానే ఉన్నాను. చివరికి ఓబులేసును వాళ్ళ అక్క కసిరితే అతనే వచ్చి అడిగాడు. సుంకక్క కాపురానికి పోయేనాటికి పద్మకు ఆరేళ్ళు. అప్పటిదాకా ఆ బిడ్డకు జడ వేసే తల్లి లేదు. అది తలుచుకున్నప్పుడు మాత్రం నాకు ముద్ద దిగదు.

వాళ్ళు బాగున్నారు. చాలా బాగున్నారు. ఓబులేసు నడుం నొప్పి వల్ల లారీ మానేసి కొట్టు పెట్టుకున్నాడు. సుంకక్క వారానికోసారి ఫోన్ చేస్తుంది. "ఆ పుస్తకమే లేకపోతే నేను తొందరపడి చెడగొట్టుకుందు మే" అంటుంది. విన్నప్పుడల్లా ఊ కొడతాను.

పోయిన నెల వేరే సంగతి చెప్పింది. పద్మకు ఎవరో అబ్బాయి మీద మనసుందట, అతనేమో నోరు విప్పడట. "మన కథలో మాదిరి ఓపిగ్గా ఉండు, ఆయప్పే వస్తాడు అని చెప్తాండా. ఆ పుస్తకం పేరు చెప్పు మే, పిల్ల చదువుకుంటాది."

అది ఇప్పుడెక్కడా దొరకదని చెప్పి, ఇంకో నవల పేరు చెప్పాను. మంచి నవలే. అడిగినవాళ్ళకు పుస్తకం చెప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య కదా. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసింది. అసలు పుస్తకం నా బీరువాలోనే ఉంది. తల్లి నాలుగేళ్ళు తినేసింది చాలక కూతురి ఏళ్ళు కూడా తింటానా? మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగో రోజు కర్నూలు పోయి ఆ పుస్తకాన్ని కడప బస్సులో పార్సిల్ వేసి వచ్చాను.

నిన్న సుంకక్క ఫోన్ చేసింది. పుస్తకం ముట్టిందని, ఆదివారం పద్మ చదివి వినిపిస్తుందని చెప్పింది.

"చివరిదాకా విను అక్కా."

"నాకు తెల్సిన కథే గదా."

"తెలీదక్కా. ఆ రోజు నేను నీకు చదివింది పుస్తకంలో లేదు."

"సరేలే, పొయ్యి మీద పాలుండాయి" అని పెట్టేసింది. మళ్ళీ చేయలేదు. చేస్తుందో లేదో తెలియదు. ఎందుకు మార్చానని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. మీకే చెప్పాను. అడిగిన రోజున ఆమెకూ ఇవే మాటలు చెప్పాలి. ఈ ఉదయం చాలా రోజుల తర్వాత ఆకలిగా అనిపించి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను. ఆమె అక్కడ ఏమనుకుంటోందో తెలియకుండా నేనిక్కడ ఇంత హాయిగా ఉండకూడదేమో. కానీ ఉన్నాను.