ఎక్కువైన పైపు

ఇంజినీర్ అతియా చాయ్ గ్లాసు పక్కకు జరిపి, దుపట్టా కొసను చెవి వెనక్కి దోపిందంటే డిజైన్‌లో ఒక పైపు ఎగిరిపోయినట్టే. కరీంనగర్‌లో జైపాల్‌రావు కట్టిస్తున్న ఫంక్షన్ హాలుకు, గాలికి లేచిన చీరలా వంపులు తిరిగే ఉక్కు పైపుల జాలీ కప్పును నెలలుగా కంప్యూటర్‌లో చెక్కుతోంది. పని చేయకుండా ఊరికే కూర్చునే పైపును ఆమె సహించదు.

ఆ రోజు జైపాల్‌రావు కంప్యూటర్ తెర మీద వేలు పెట్టాడు. "గీడ పలుచగున్నది బిడ్డా. జర నాలుగు పైపులు ఎక్కువెయ్యి. లేకుంటే వేరే ఇంజినీర్‌ను చూసుకుంట."

"గా నాలుగు కప్పును మొయ్యయి సార్. కప్పే వాటిని మొయ్యాలె."

దుపట్టా కొస చెవి వెనక్కి వెళ్లింది. ఆయన వేలి కింద ఉన్న పైపే మాయమైంది. బలం చాలని చోట తెర మీద ఎర్రబడే జాలీ, కంప్యూటర్ మళ్లీ లెక్క కట్టినా అంతా పచ్చగానే ఉంది.

"ఇంకేడన్న అనుమానమున్నదా సార్?"

జైపాల్‌రావు ఆ వేలిని మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.