దుబాయి నుంచి మా కారు చప్పుడు విన్న లింగన్న

మా తాత కొన్న పాత కారు కొన్నాళ్ళుగా గడగడ వణికిపోతోంది. రేపు కోరుట్లలో ఒక పెళ్ళికొడుకును అందులోనే ఊరేగించాలి. దాని రోగం తెలిసిన మెకానిక్ లింగన్న ఒక్కడే. ఆయనేమో గ్యారేజీ మూతపడి దుబాయి వెళ్ళిపోయాడు. ఇవాళ ఆయనకు సెలవు కాబట్టి భార్య సుజాత వదినకు ఫోన్ చేస్తాడని, పొద్దున్నే కారు తీసుకెళ్ళి వాళ్ళ గేటు ముందు ఆపాను.

ఫోన్ రాగానే, లింగన్న చెప్పినట్టే వదిన వెనక సీట్లో కూర్చుని, ఫోన్‌ను కింది రేకుకు ఆనించి పట్టుకుంది. మల్లాపూర్ రోడ్డు మీద స్పీడందుకున్నాక గేరు తీసేశాను. చప్పుడు ఆగలేదు.

"ఇంజన్ కాదు తమ్మీ. కింద చక్రాలను తిప్పే షాఫ్టు నట్లు లూజైనయ్," అన్నాడు లింగన్న.

"తిన్నవా?" అని వదిన అడగబోయింది.

"జర ఆగు, సప్పుడు విననియ్యి."

వాళ్ళ ఇంటికే తిరిగొచ్చి, కారు కిందికి దూరి నట్లు బిగించాను. వణుకు పోయింది. లింగన్న మురిసిపోయి, "ఇగ ఫోన్ పెడుత మరి," అన్నాడు.

 వదిన నా చేతిలోని పానా తీసుకుని, ఫోన్ దగ్గరగా పెట్టి, ఇనుప గేటు మీద దడదడా బాదింది.

"గీ సప్పుడు ఏడికెల్లి అస్తుందో చెప్పు."



"గది... మన గేటే గద," అన్నాడు లింగన్న మెల్లగా.

"గుర్తున్నదా మరి?"

సాయంత్రం దాకా ఆయన ఫోన్ పెట్టనే లేదట. పానా వదిన దగ్గరే వదిలేసి వచ్చాను. ఇల్లు గుర్తు చెయ్యడానికి మీ ఇళ్ళల్లో ఏం వాడుతున్నారు?