నీళ్లు పోసిన ఇరుసు

లోవర్ హట్‌లో రైలు పట్టాలకు అవతల రేకుల గోదాములు వరసగా ఉంటాయి. చివరిది వీరభద్రం షెడ్డు. పడవలు లాగే ట్రైలర్లు, గుర్రాల ట్రైలర్లు, కారు వెనక తగిలించే చక్రాల ఇళ్లలాంటి చిన్న చిన్న కారవాన్లు బాగుచేస్తాడు. ఒక్కడే చేస్తాడు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. ఆ చుట్టుపక్కల ట్రైలరున్న తెలుగువాళ్లకి అతనే దిక్కు. వీరభద్రం చెయ్యి పడితే ఇంక తిరిగి చూసుకోనక్కర్లేదని చెప్పుకుంటారు. ఆ మాట అతని చెవినా పడింది. పడిన రోజు ఇంటికెళ్లి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మే నెలలో ఒక మంగళవారం సుభద్ర తన కారవాన్ లాక్కొచ్చింది. ఆమెది కాకినాడ. యాభై మూడేళ్లు. ముసలివాళ్ల హోమ్‌లో పని. భర్త కృష్ణారావు పోయి రెండేళ్లయింది. అద్దె ఫ్లాట్ వదిలేసి, ఆయన సరదాపడి కొన్న ఆ కారవాన్‌లోనే ఉంటోంది. క్రైస్ట్‌చర్చ్‌లో ఆసుపత్రి పని దొరికింది. శుక్రవారం ఫెర్రీ ఎక్కాలి.

"ఏం తమ్ముడూ, ఉన్నావా? ఫోన్ చేస్తే ఎత్తవు."

"చేతికి గ్రీజుంటది అక్కా. ఎట్ల ఎత్తాలె?"

"గ్రీజు వంక పెట్టి గిరిజ ఫోను కూడా ఎత్తవంటగా. చెప్పిందిలే." నవ్వింది. తర్వాత ఎడమ చక్రం చూపించింది. "బండి బాగుందని ఇచ్చే వారెంట్ కాగితం తనిఖీవాడు ఇవ్వనన్నాడు. చక్రం ఊగుతోందంట. అది లేకపోతే రోడ్డెక్కకూడదంట. నా ఇల్లే ఇది, చూడు మరి."

టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయి ఉంది. జాకీ ఎత్తి, చక్రం ఊడదీసి, బేరింగు బయటికి తీశాడు. బేరింగు కూర్చునే చోట ఇనుము అరిగి సన్నబడింది. కొత్త బేరింగు వేసినా నిలవదు.

"ఇరుసే మార్చాలె అక్కా. గురువారం సాయంత్రానికి ఇస్త."

"నువ్వు చేస్తానంటే నాకింక బెంగ లేదు" అని కారవాన్ వదిలేసి కారులో డ్యూటీకి వెళ్లిపోయింది.

గురువారం పొద్దున కొత్త ఇరుసు వచ్చింది. కారవాన్ కింద స్టాండ్లు పెట్టి, యూ బోల్టులు విప్పి, పాత ఇరుసును కిందికి దించాడు. కమాను పట్టీలు కూర్చునే చోటు కొలిచి కొత్తదానిమీద గుర్తు పెట్టుకోవాలి. కొలత సరిగ్గా తెలియాలని వైరు బ్రష్షుతో నల్లరంగు గీకాడు. ఎడమ చివర నుంచి జానెడు దూరంలో, రంగు కింద, వెంట్రుక మందాన ఒక గీత కనిపించింది. గోరు పెట్టి చూశాడు. గోరు దిగింది.

ఇరుసును వైసులో బిగించి సమ్మెటతో ఒక్క దెబ్బ వేశాడు. ఒక్క దెబ్బకే విరిగింది. విరిగిన ముఖం చూశాడు. ముప్పావు వంతు నల్లగా, తుప్పు పట్టి ఉంది. అది పాత పగులు. మిగిలిన పావు వంతు మాత్రం ఇప్పుడే విరిగి తెల్లగా మెరుస్తోంది. ఇన్నాళ్లూ ఆ కారవాన్ ఆ పావు వంతు మీదే తిరిగింది.

ఆ చోటు అతనికి తెలుసు. అది తను కాల్చిన చోటు.

జనగామలో వీరభద్రం నాయనకు ట్రాక్టరు ట్రైలర్ల వర్క్‌షాపు ఉండేది. ఇరుసు వంగితే అక్కడ ఎవరూ మార్చరు. గ్యాసు మంటతో చింతనిప్పు రంగు వచ్చేదాకా కాలుస్తారు. సమ్మెటతో సరిచేస్తారు. దారం పట్టి చూస్తారు. రైతు బయట బీడీ కాలుస్తూ కూర్చుని ఉంటాడు, చీకటి పడకముందే పోవాలంటాడు. అందుకని ఎర్రగా ఉన్న ఇనుము మీద బకెట్ నీళ్లు పోస్తారు. చల్లబడుతుంది, బిగించి పంపుతారు. పన్నెండేళ్ల వయసు నుంచి ఆ బకెట్ వీరభద్రమే మోశాడు. అక్కడ ఇరుసులు విరగలేదని కాదు. విరిగితే ట్రైలరు పొలం గట్టున ఒరిగేది, వడ్ల బస్తాలు దిగేవి, పదిమంది నవ్వుకునేవారు. ట్రాక్టరు నడిచే వేగం అంతే.

ఇరవై ఏడేళ్లప్పుడు చదువు వీసా మీద ఇక్కడికొచ్చి, ఆటోమోటివ్ డిప్లొమా చేసి, ఐదేళ్లు ఒకరి దగ్గర పనిచేశాడు. అక్కడ వంగిన ఇరుసును అవతల పారేసేవారు. మంచి ఇనుము అలా పారేస్తుంటే అతనికి ప్రాణం ఉసూరుమనేది. సొంత షెడ్డు పెట్టిన కొత్తలో కృష్ణారావు కారవాన్ ఫుట్‌పాత్ అంచుకు గుద్దుకుని ఇరుసు వంగింది. కొత్తది రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. వీరభద్రం మంట వెలిగించాడు, సమ్మెట వేశాడు, దారం పట్టాడు. బకెట్ నీళ్లు పోశాడు. కృష్ణారావు భుజం తట్టి, ఇది ఇక్కడి మెకానిక్కుల వల్ల అవుతుందా అన్నాడు. ఆ ఒక్క మాటకి మరో ముగ్గురికి అలాగే చేశాడు. తర్వాత ఇరుసులు రెండు రోజుల్లో వచ్చే దారి దొరికింది. కాల్చడం మానేశాడు. తప్పని తెలిసి మాత్రం కాదు.

ఇప్పుడు తెలిసింది. ఎర్రటి ఇనుము మీద నీళ్లు పోస్తే అది గాజులా పెళుసవుతుంది. ఇవి గంటకి తొంభై కిలోమీటర్లు పరిగెత్తే బండ్లు.

నలుగురు. ఒకటి కింద విరిగి పడుంది. ఇంకా మూడున్నాయి.

కొత్త ఇరుసు బిగించాడు. బేరింగుల్లో గ్రీజు కూరాడు, నట్టు బిగించి పావు తిప్పు వెనక్కి వదిలాడు, పిన్ను వేశాడు. చెయ్యి తన పని తను చేసుకుపోయింది. సాయంత్రం సుభద్ర వచ్చేసరికి పని అయిపోయింది. విరిగిన రెండు ముక్కలూ బల్ల మీద పెట్టి ఉన్నాయి.

"అదేంటి, విరగ్గొట్టావా? కసిగా ఉన్నట్టున్నావే!"

"ఒక్క దెబ్బకి విరిగిందక్కా." నల్లటి చోటు చూపించాడు. "ఇది ఎప్పటి నుంచో పగిలి ఉన్నది. నేను కాల్చిన చోటనే పగిలింది. బావగారు తెచ్చినప్పుడు నేనే కాల్చి సాపు చేసిన. నీళ్లు పోసిన. పోయకూడదు. తప్పు నాదే."

సుభద్ర ముక్క చేతిలోకి తీసుకుంది. బరువుకి చెయ్యి కిందికి వంగింది.

"మీ బావగారికి ఒంట్లో బాగోనప్పుడు, సముద్రం చూస్తానంటే, పక్క సీట్లో కూచోబెట్టుకుని రెముటాకా కొండ దిగాను. నాలుగుసార్లు. ఒకపక్క లోయ. ఇది పట్టుకునా దిగాం?"

వీరభద్రం నేల చూశాడు.

"ఇంకెవరికి చేశావిలాగ?"

"ముగ్గురికి."

"చెప్పావా?"

"పొద్దుగాలనే తెలిసిందక్కా నాక్కూడా."

"అయితే నాతో ఏంటి మాటలు? వెళ్లు, చెప్పు." ముక్కను బల్ల మీద పెట్టింది. కారవాన్ తగిలించుకుని వెళ్లిపోయింది. ఎక్కడికి వెళ్లినా దిగాక ఫోన్ చేస్తానని అనేది. ఈసారి అనలేదు, చెయ్యలేదు.

ఆ రాత్రి ఇంట్లో అతని భార్య గిరిజ ఇదంతా విని స్టవ్ ఆర్పేసింది. పక్కగదిలో కూతురు సిరి హోంవర్కు చేసుకుంటోంది. గిరిజ గొంతు తగ్గించింది.

"ఎవలన్న అడిగిన్రా నిన్ను?"

"లేదు."

"ఎవలకన్న దెబ్బ తాకిందా?"

"ఇంకా లేదు."

"మరి ఎందుకు ఊరంత దండోర ఏస్తవు? ఏడేండ్లయింది. ఎవలు ఏడ ఉన్నరో. చెప్తె రేపటి నుంచి నీ షెడ్డుకి కాకి గూడ రాదు. పిల్ల చదువుతున్నది. నీ మంచితనం అన్నంల కలుపుకొని తినాల్నా?"

"మంచితనం కాదే. ఆ ఇనుము సూసిన్నేను. పావొంతే ఉండె."

గిరిజ మళ్లీ స్టవ్ వెలిగించింది. అన్నం పెట్టింది. ఇద్దరూ తినలేదు.

మర్నాడు ఆ ముగ్గురిలో మొదటివాడు భార్గవ్‌కి ఫోన్ చేశాడు. వైనుయోమాటాలో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ మనిషి. విన్నంతసేపు ఊఁ కొట్టి, "అన్నా, అది నిరుడే తుక్కుకి ఇచ్చేశా. అయినా నా పిల్లల్ని మూడేళ్లు దాంట్లో తిప్పాను. తెలుసు కదా నీకు?" అని పెట్టేశాడు. వారం తిరగకుండా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అందరికీ తెలిసిపోయింది. ఎవరూ తిట్టలేదు. రావడం మానేశారు.

రెండోది అప్పర్ హట్‌లో ఇక్కడే పుట్టిపెరిగిన ఒక కివీ ముసలాయనది. కారవాన్ పెరట్లో గడ్డిలో కూరుకుపోయి ఉంది. లోపల కోళ్లు. వీరభద్రం ఇరుసు సంగతి చెబుతుంటే ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మా కోళ్లు ఎక్కడికీ ప్రయాణం పెట్టుకోలేదయ్యా" అని ఆరు గుడ్లు అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు. ఆ నెలలో వీరభద్రం నవ్వింది అప్పుడొక్కసారే.

మూడోది రవికిరణ్‌ది. అతను దాన్ని అమ్మేశాడు. కొన్నవాళ్లు మళ్లీ ఆన్‌లైన్‌లో ఎవరికో అమ్మారు. ఎవరో కుర్ర జంట, రొక్కం ఇచ్చి లాక్కుపోయారు. పేరు తెలియదు. చిన్నది, మీగడ రంగు, నడుం చుట్టూ ఆకుపచ్చ చార. రవికిరణ్ పాత ఫోటో వెతికి పంపాడు. దాంట్లో నంబరు ప్లేటు ఉంది.

నంబరు చెబితే ఓనరు పేరు ఇవ్వరు. రవాణా ఆఫీసులో అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. జరిగిందేమిటో కాగితం మీద రాసి, పేరు, షెడ్డు అడ్రసు పెట్టి సంతకం చేస్తే, రికార్డులో ఉన్న అడ్రసుకి వాళ్లే హెచ్చరిక ఉత్తరం పంపుతారు. కాగితం మాత్రం తనిఖీ చేసేవాళ్ల దగ్గరికి కూడా వెళుతుంది.

అతను రాయలేకపోయాడు. ఇంగ్లీషు రాక కాదు. రెండు రోజులు ఆ కాగితం వంటింటి బల్ల మీద ఖాళీగా ఉంది. మూడోరోజు గిరిజ దాన్ని తీసి అతని ముందుకు జరిపింది.

"రాయి. నువ్వు పండుకుంటలేవు. నన్ను పండుకోనిస్తలేవు."

నేను వేడిచేసి సరిచేశాను, నీళ్లు పోసి చల్లార్చాను అని రాశాడు. ఏడు వాక్యాలు. సిరి స్పెల్లింగులు దిద్దింది. దిద్దుతూ, చదివింది అర్థమై, తలెత్తి తండ్రిని చూసింది.

హెచ్చరిక ఉత్తరం వెళ్లింది. రికార్డులో ఉన్నది పాత ఓనరు అడ్రసే. కొన్న జంట పేరు మార్చుకోలేదు, రిజిస్ట్రేషన్ కట్టలేదు. పాత ఓనరూ ఇల్లు మారడంతో ఉత్తరం తిరిగొచ్చింది. తనిఖీ మనిషి మాత్రం వచ్చాడు. షెడ్డంతా మర్యాదగా చూశాడు. విచారణ ముగిసేదాకా ఇరుసులు, బ్రేకులు ముట్టుకోవద్దన్నాడు. అవి ముట్టుకోకుండా ట్రైలర్ల షెడ్డులో చేసే పని ఏముంది? ఆగస్టులో తాళం చెవి షెడ్డు అద్దెకిచ్చినాయనకి ఇచ్చేసి వీరభద్రం మాంసం గోదాములో చేరాడు. పెట్టెలు ఎత్తే పని.

విచారణకి అతను చేసినదాన్లో నేరమేమీ దొరకలేదు. నవంబరులో చిన్న మందలింపుతో ఉత్తరం వచ్చింది. మళ్లీ షెడ్డు తెరుచుకోవచ్చు. అతను తెరవలేదు.

శనాది వారాల్లో కారు తీస్తాడు. కారవాన్లు ఆగే క్యాంపుగ్రౌండ్లు తీరం వెంట ఎన్ని ఉన్నాయో అన్నీ తిరుగుతాడు. ముందు ఆఫీసులో చెబుతాడు. అలాంటి చిన్న కారవాన్ కనబడితే తలుపు కొట్టి, అనుమతి అడిగి, ప్లాస్టిక్ పట్టా పరుచుకుని కిందికి దూరి చూస్తాడు. ఆకుపచ్చ చార లేకపోయినా చూస్తాడు, రంగు వేసి ఉండొచ్చని. కొందరు టీ ఇస్తారు. కొందరు పోలీసుల్ని పిలుస్తామంటారు. గిరిజ మొదట్లో గొడవపడింది. ఇప్పుడు టిఫిను కట్టిస్తుంది.

జనవరిలో, ఇక్కడి వేసవి సెలవుల రద్దీలో, కాసిల్‌పాయింట్ వెళ్లాడు. గాలి విపరీతంగా ఉంది. డేరాలు కొట్టుకుంటున్నాయి. వరసలన్నీ చూసుకుంటూ చివరికి వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. అక్కడొక పెద్దావిడ కుర్చీ వేసుకుని ఉల్లిపాయలు తరుగుతోంది. ఫోటో చూపించాడు.

ఆవిడ కత్తి పక్కన పెట్టి, కళ్లజోడు సర్దుకుంది.

"ఆకుపచ్చ చారా? ఇదిగో, ఈ పక్కనే ఉన్నారు, మూడు రోజులు. కుర్రాళ్లు. చంటిబిడ్డ ఉంది. మంచివాళ్లు, నాకు చేప కూడా ఇచ్చారు."

"ఉన్నారా?"

"గంట అయింది వెళ్లి. గాలి పెరక్కముందే కొండ దాటాలన్నారు." ఆవిడ అతని ముఖం చూసింది. "ఏమయింది? నీకేమైనా బాకీనా వాళ్లు?"

వీరభద్రం ఫోటో మడిచాడు. ఫోన్ నంబరు ఉందా అని అడిగాడు. లేదంది. దాని ఇరుసు ఏ క్షణానైనా విరగొచ్చని, బండి నంబరు చెప్పి, పోలీసులకి ఫోన్ చెయ్యమని, ఆపమని చెప్పమని బతిమాలాడు. ఆవిడ ఫోన్ తీసుకుంది. అక్కడ సిగ్నలు ఉండదు. ఆఫీసులో తీగ ఫోనుందని లేచి, ఉల్లిపాయల గిన్నె అలాగే వదిలేసి నడిచింది. నడవడమే, పరిగెత్తే వయసు కాదు.

"ఎటు వెళ్లారు?" వెనక నుంచి అరిచాడు.

"ఇక్కణ్ణించి రోడ్డు ఒకటే కదా!"

కారు ఎక్కాడు. గడ్డి కొండల మధ్య రోడ్డు మలుపులు మలుపులుగా పోతోంది. గాలికి స్టీరింగు లాగేస్తోంది. ఆ బండి తొంభైలో వెళుతుందో, బిడ్డ ఉందని నెమ్మదిగా వెళుతుందో తెలియదు. నెమ్మదిగా అని అనుకున్నాడు. మలుపు మలుపుకీ ముందు రోడ్డు చూశాడు, తర్వాత పక్కన పల్లం చూశాడు. రోడ్డు ఖాళీగా ఉంది. పల్లం ఖాళీగా ఉంది. ఇంకో మలుపు వచ్చింది.