మూడు వందల ఏళ్ళ దారి

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా బావ, అంటే మా అక్క భర్త, వాళ్ళ ఊరి చరిత్ర రాశాడు. భట్టిప్రోలు దగ్గర ఊరు. తెనాలిలో అచ్చు వేయిస్తూ ప్రూఫులు చూడమని నన్ను పిలిచాడు. నేను కాలేజీ ముఖం చూడలేదు గాని, అంకె కనబడితే కూడకుండా ఉండలేను.

“మీ ఇంటి పక్క దారి మూడు వందల ఏళ్ళనాటిదని రాశావు. మీ ముత్తాత బాపట్ల వైపు నుంచి వచ్చేదాకా అక్కడ తుమ్మచెట్లేనని పై పేజీలో ఉంది. తరానికి పాతికేళ్ళు వేసినా నూటపాతిక దాటదు బావా.”

“నువ్వు లెక్కలు చూసుకో, చరిత్ర నాకొదిలెయ్. కోర్టు కాగితంలోనే ఉంది.”

ఆ కాగితం వాళ్ళ తాత అదే దారి కోసం వేసిన పాత దావా. ఆ మాట రాసింది జడ్జి కాదు, తాతగారి ప్లీడరు. చెప్పినా బావ వినలేదు.

పుస్తకం వచ్చిన ఏడాదే పక్కింటాయన దారికి అడ్డంగా గోడ మొదలుపెట్టాడు. అది పూర్తయితే బావ ట్రాక్టరు కళ్ళంలోకి పోదు, వడ్ల బస్తాలన్నీ నెత్తిన మోయించాల్సిందే. బావ రేపల్లె కోర్టులో దావా వేసి, సాక్ష్యంగా తన పుస్తకాన్నే పెట్టాడు.

అవతలి ప్లీడరు దాన్ని తిరగేశాడు. “మూడు వందల ఏళ్ళని మీకెవరు చెప్పారండి?”

“కోర్టు రికార్డులో ఉందండి.”

“కోర్టుకెవరు చెప్పారు?”

“మా తాతగారండి.”

“అంటే తాతగారు కోర్టుకి, కోర్టు మీకు, మీరు మళ్ళీ కోర్టుకి. అంతేనాండి?”

జడ్జిగారు తల వంచుకుని నవ్వుకున్నారు. నాకూ నవ్వొచ్చింది గాని, గోడ గుర్తొచ్చి ఆగిపోయింది.

తర్వాతి వాయిదాకి పక్కింటాయన బోనెక్కాడు. మా ప్లీడరు మెల్లగా అడిగాడు. “మీ పెళ్ళి ఊరేగింపు ఏ దారిన వచ్చిందండి?”

“ఆ దారినేనండి. అంత బ్యాండుమేళం ఇంకెక్కడ పడుతుందండి!” అని గర్వంగా చెప్పి, తన ప్లీడరు మొహం చూసి గతుక్కుమన్నాడు.

“పెళ్ళయి ఎన్నాళ్ళయింది?”

“ముప్ఫై ఏళ్ళండి,” అన్నాడు నీరసంగా.

కనీసం ముప్ఫై ఏళ్ళుగా వాడుకలో ఉన్న దారి, గోడ తీసెయ్యాలని తీర్పు వచ్చింది.

తిరుగు బస్సులో బావ నిట్టూర్చాడు. “రెండొందల డెబ్భై ఏళ్ళు కొట్టేశారయ్యా.”

“ట్రాక్టరుకి ముప్ఫై చాల్లే బావా.”

ఆ కోతలకి ట్రాక్టరు దర్జాగా కళ్ళంలోకి వెళ్ళింది. రెండో ముద్రణకి బావ పాత అంకె తీసేసి పక్కింటాయన పెళ్ళి ఊరేగింపు చేర్చాడు. అది తెలిసి, దావా నాటి నుంచి మాటలు మానేసినాయన గుమ్మంలోకి వచ్చాడు.

“ఎటూ రాస్తున్నారు కదండి, బ్యాండుమేళం గుంటూరు నుంచి తెప్పించామని కూడా వెయ్యండి.”

“ఏ గుంటూరండి? రేపల్లె నుంచే,” అంది వెనకే వచ్చిన వాళ్ళావిడ.

బావ ఇద్దరి మొహాలూ చూసి, రేపల్లె అని రాసుకున్నాడు.