సుజాత మర్చిపోలేదు

పదేళ్లకు పైగా నేనొక అబద్ధం మీద కూర్చుని ఉన్నాను. అది కార్పొరేటర్ కుర్చీ అని అందరూ అనుకున్నారు. చాలాసార్లు నేనూ అలాగే అనుకున్నాను. మీరు నన్ను ఎరగరు. నా పేరు చెప్పను. మా వార్డు ఫిల్మ్ నగర్ బస్తీలకూ జూబ్లీ హిల్స్ బంగళాలకూ నడుమ ఉందని మాత్రం చెబుతాను. సుజాత అన్నది కూడా నా తోటికోడలి అసలు పేరు కాదు. ఈ రెండూ తప్ప మిగిలినదంతా జరిగింది జరిగినట్టే.

ముందే ఒక మాట. నేను తల వంచుకుని రాయడం లేదు. ఆ పని నేను చేశాను. మళ్లీ ఆ రోజు వస్తే మళ్లీ చేస్తాను. ఒకే పనికి గర్వపడడం, సిగ్గుపడడం రెండూ కుదురుతాయా? నాకు కుదిరాయి. కాకపోతే ఒకదాన్ని అందరి ముందూ పెట్టుకున్నాను, రెండోదాన్ని దాచుకున్నాను.

మా వార్డు మహిళలకు రిజర్వ్ అయిన ఏడాది నా భర్త చాలా బాధపడ్డాడు. ఎన్నాళ్లుగానో తిరిగి తయారు చేసుకున్న వార్డు. చివరికి నన్ను నిలబెట్టాడు. పోస్టర్లలో నా ఫోటో కంటే ఆయన ఫోటోయే పెద్దది. గెలిచింది నేను, దండలు పడ్డది ఆయన మెడలో. అధికారులు ఆయనకే ఫోన్ చేసేవారు. కార్పొరేషన్ సమావేశం జరుగుతుంటే ఆయన బయట వరండాలో నిలబడేవాడు, టీకి లేచినప్పుడు దేనికి చెయ్యెత్తాలో చెప్పేవాడు. నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల భర్తలూ ఆ వరండాలోనే ఉండేవారు. ఆయన చెడ్డవాడు కాదు, అది నమ్మండి. నన్ను ఏనాడూ తూలనాడలేదు. ఆ కుర్చీ తనదనీ, చట్టం అడ్డం వచ్చింది కాబట్టి నేను కాసేపు కూర్చున్నాననీ నిజంగానే అనుకున్నాడు. నేను మాత్రం? అంతకంటే వేరుగా ఏమీ అనుకోలేదు.

వేరుగా అనుకున్నది సుజాత. ఆమె మా మరిది భార్య. అప్పటికి అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. ఇంటి ముందుగదే వార్డు ఆఫీసు. వచ్చినవాళ్ల గోడు వినడం, ఎవరి పని ఎక్కడ ఆగిందో కనుక్కోవడం సుజాత చూసుకునేది. మగవాళ్లు మా ఆయన కోసం కాచుకుని కూర్చునేవారు. ఆడవాళ్లు నేరుగా సుజాత దగ్గరికి పోయేవారు.

మా వార్డులోనే, ఫిల్మ్ నగర్ కొండ కింద సినిమా కంపెనీల వ్యాన్లు ఆగే చోటు ఒకటుంది. తెల్లవారకముందే అక్కడికి జూనియర్ ఆర్టిస్టులు చేరతారు. పెళ్లి సీన్లలో, జాతర సీన్లలో హీరో వెనక గుంపుగా నిలబడేవాళ్లు. వాళ్లతో పాటు బంగళాల్లో పనికి పోయే ఆడవాళ్లూ అక్కడే దిగుతారు. వ్యాన్ వచ్చేదాకా రోడ్డు మీదే. మగవాళ్లకు గోడ ఉంది. ఆడవాళ్లకు? ఆగి ఉన్న బండి చాటున ఒకామె దుప్పటి పట్టుకుంటే ఇంకొకామె చీర మార్చుకునేది. బయటికి పోవాల్సి వస్తుందని ఇంటి దగ్గర నీళ్లు కూడా తాగకుండా వచ్చేవారు. పాలు తాగే పిల్లలున్న తల్లులు ఫుట్‌పాత్ మీద గోడవైపు తిరిగి కూర్చునేవారు. నేను కారులో ఆ దారినే ఎన్నోసార్లు పోయాను. ఏమీ చూడలేదు. సుజాత చెప్పాక చూశాను.

ఆ పక్కనే కార్పొరేషన్ స్థలం ఖాళీగా ఉంది. అక్కడ ఆడవాళ్లకు ఒక విశ్రాంతి భవనం కట్టాలన్నది సుజాత ఆలోచన. మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గది, పిల్లల్ని ఉంచే గది. "నువ్వే లేచి అడగాలె అక్కా," అనేది. వంటింట్లో నన్ను నిలబెట్టి మాట్లాడించేది. గొంతు ఎక్కడ తగ్గుతోందో, ఎక్కడ నేల చూస్తున్నానో చెప్పేది. కానీ ఆ స్థలాన్ని నా భర్త అప్పటికే తన స్నేహితుడి హోటల్ పార్కింగ్‌కు మాట ఇచ్చేశాడు. వార్డు తరఫున ఆ ప్రతిపాదన నా పేరు మీదే పోయింది. దాని మీద సంతకం నాదే.

సమావేశం మధ్యాహ్నం అన్నారు. ఆ రోజు పొద్దున నా భర్త చేవెళ్ల దగ్గర బంధువుల పెళ్లికి వెళ్లాడు, మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నాడు. సుజాత పిల్లను తీసుకుని డాక్టర్ దగ్గరికి పోయింది. అప్పుడు నాకు ఫోన్ వచ్చింది. సమావేశం ముందుకు జరిపారు, వెంటనే బయలుదేరాలి. ఆయనకు చెబుదామని ఫోన్‌లో పేరు తీశాను. వేలు దాని మీదే ఉంది. నొక్కలేదు. ఎందుకు నొక్కలేదు? అంత ధైర్యం నాకు ఎక్కడిది? ఇవాళ్టికీ తెలియదు. డ్రైవర్‌ను కూడా పిలవలేదు. ఆటో ఎక్కి వెళ్లాను.

వరండాలో ఆయన లేడు. నా వంతు వచ్చింది. లేచాను. పార్కింగ్ ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నానని, ఆ స్థలంలో మా వార్డుకు ఆడవాళ్ల విశ్రాంతి భవనం కావాలని చెప్పాను. దుప్పటి సంగతి చెప్పాను. నీళ్లు తాగని సంగతి చెప్పాను. తలుపు దగ్గర ఎవరో నవ్వారు. "నవ్వేటోళ్లు ఒక్కరోజు నీళ్లు తాగకుండ రోడ్డు మీద నిలబడి చూపియ్యండ్రి," అన్నాను. అది సుజాత నేర్పింది కాదు, అప్పటికప్పుడు నా నోట వచ్చింది. తర్వాత వెనక వరసలో ఉన్న ఆడ సభ్యులు బల్లలు చరిచారు. ఎన్నడూ నోరు విప్పనివాళ్లు. ప్రతిపాదన ఆమోదం పొందింది. కూర్చున్నాను. ఆ కుర్చీ నాదేనని మొదటిసారి నాకు ఒళ్లంతా తెలిసింది.

ఇంతవరకూ గర్వం. ఇక రెండోది.

సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికే కబురు ఆయనకు చేరింది. హాల్లో అందరం ఉన్నాం, మా అత్తగారితో సహా.

"టైం మారిందని నాకెందుకు చెప్పలే?" అని అడిగాడు.

నేను చెప్పలేదు, చెప్పదలచుకోలేదు అని అనాలి. సభలో మాట్లాడి వచ్చిన మనిషిని. ఇంట్లో ఆ ఒక్క మాట అనలేకపోయాను.

"సుజాతకు చెప్పిన, మీకు ఫోన్ చెయ్యమని," అన్నాను.

ఆయన సుజాత వైపు తిరిగాడు. సుజాత నన్ను చూసింది. ఆ చూపు ఎంతసేపుందో చెప్పలేను. కాదంటుందనుకున్నాను. కాదని అంటే బాగుండుననీ అనుకున్నాను.

"మర్చిపోయిన బావా," అంది.

ఆయన అరిచాడు. ఇంటి పరువు, స్నేహితుడికిచ్చిన మాట, అన్నీ ఆమె మీద పడ్డాయి. "రేపటి సంది ఆఫీసు గదిల అడుగు పెట్టకు," అన్నాడు. మరిది తల దించుకున్నాడు. నేను కొంగు సర్దుకున్నాను.

తర్వాత వంటింట్లో అడిగాను. "గట్లెందుకన్నవ్?"

"మరేమనాలె అక్కా? నువ్వు కావాలని చెప్పలేదని తెలిస్తే పంతానికి రేపు పొద్దుగాల్నే పోయి రద్దు చేపిస్తడు. తప్పు నాదంటే దోస్తుకు చెప్పుకునేటందుకు ఒక సాకు దొరుకుతది, ఊకుంటడు. ముందు గది కట్టనియ్యి. కట్టినంక నువ్వే చెప్పు."

"చెప్త," అన్నాను.

భవనం కట్టారు. నేను చెప్పలేదు.

తెరిచిన రోజు చెబుదామనుకున్నాను. ఆ రోజు ఆయన కొత్త చొక్కా వేసుకుని వచ్చి, ఆడవాళ్లు తనకు దండం పెడుతుంటే కళ్లు తుడుచుకున్నాడు. పాడుచేయడం ఎందుకులే అనుకున్నాను. తర్వాత పండగకనుకున్నాను. తర్వాత అనుకోవడం మానేశాను. అబద్ధం ఒక్క రోజే చెప్పానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. కానీ చెప్తానని మాటిచ్చి నోరు మూసుకున్న ప్రతి రోజూ అదే అబద్ధం చెప్పినట్టు కాదా?

ఈలోగా నేను మారిన మనిషినయ్యాను. మా వార్డు సభలకు గెలిచిన ఆడవాళ్ల భర్తలు ఎవరొచ్చినా వెనక వరసలోనే కూర్చోవాలని కట్టడి పెట్టాను. మొదట వెళ్లి వెనక కూర్చున్నది నా భర్తే. మా వీధులు ఊడ్చే ఆడవాళ్లను ఒక సూపర్‌వైజర్ వేధిస్తుంటే వాళ్లను ఫిర్యాదుల కమిటీ ముందు కూర్చోబెట్టి, అతన్ని బదిలీ చేసేదాకా వదల్లేదు. ట్రాన్స్‌జెండర్ ఆర్టిస్టులను విశ్రాంతి భవనంలోకి రానివ్వబోమని కాపలావాళ్లు అడ్డుపడితే, తెల్లవారుజామున వెళ్లి ఆ మెట్ల మీద కూర్చున్నాను. వాళ్లు లోపలికి వెళ్లాకే లేచాను. ఇవన్నీ నేను చేశాను. ఎవరో చెబితే చేయలేదు. చెబుతుంటే ఇప్పుడు కూడా వెన్ను నిటారుగా అవుతోంది.

అంత గట్టిదాన్ని ఇంట్లో ఒక్క వాక్యం చెప్పలేకపోయాను.

తర్వాతి ఎన్నికలకు పక్క వార్డు కూడా మహిళలకు వచ్చింది. సుజాత పుట్టిల్లు రహమత్ నగర్. ఆ వైపు ఆమెను ఎరగని ఇల్లు లేదు. పార్టీవాళ్లు మా హాల్లో కూర్చుని ఆమె పేరు ఎత్తారు. నా భర్త నవ్వాడు. "ఒక్క ఫోన్ మాట యాదికి లేని మనిషి, వార్డునేం యాదికుంచుకుంటది?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను అక్కడే ఉన్నాను, వాళ్ల మధ్యలో, కుర్చీలో. ఇప్పుడు ఆయనంటే నాకు భయం లేదు. భవనం ఎవరూ కూల్చరు. చెబితే పోయేది ఏమీ లేదు. అయినా చెప్పలేదు.

ఎందుకు? ఇది రాయడానికే చేయి ఆగిపోతోంది. ఆడదాని నోరు మూయించేది మగవాళ్లేనని వేదికల మీద చెప్పేదాన్ని. ఆ రోజు సుజాత దారికి అడ్డు నిలిచింది నేను. నాకంటే బాగా మాట్లాడే ఇంకొక ఆడది మా ఇంట్లోంచి సభకు రావడం నాకు ఇష్టం లేదు. అంతే. భయం కాదు, ఇంటి పరువు కాదు. నేను ఒక్కదాన్నే ఉండాలనుకున్నాను.

ఆ సీటు ఇంకెవరి భార్యకో ఇచ్చారు. ఆమె గెలిచింది. ఆమె తరఫున ఆమె భర్త తిరిగాడు. ఆ వార్డు ఆడవాళ్లకు ఇవాళ్టికీ ఒక విశ్రాంతి గది లేదు. సుజాతకు నేను చేసిన తప్పు సుజాతతో ఆగలేదని అటు పోయినప్పుడల్లా కనిపిస్తుంది.

మరిదీ సుజాతా వేరుపడి వెంగళరావు నగర్‌లో ఇల్లు కిరాయికి తీసుకున్నారు. సుజాత సినిమాల్లో గుంపు సీన్లకు బట్టలు కుట్టించే పని పెట్టింది. పెళ్లిళ్లలో కలిస్తే "బాగున్నవా అక్కా?" అనేది, అంతే. నా భర్త మాత్రం ముసలితనం దగ్గరపడే కొద్దీ నన్ను చూసి మురిసిపోవడం నేర్చుకున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా ఆ రోజు సభ కథ చెబుతాడు. నేనెలా లేచానో, ఎలా మాట్లాడానో చెప్పి, చివర్లో "మా మరదలు మర్చిపోబట్టి గని, లేకుంటే గాడ పార్కింగే ఉంటుండె!" అని నవ్విస్తాడు. ఈ మధ్య మా ఇంట్లో శుభకార్యంలో ఈ కథ చెబుతుంటే సుజాత కూతురు కూడా విన్నది. ఆ పిల్ల నవ్వలేదు. ప్లేటు కింద పెట్టి బయటికి వెళ్లిపోయింది.

మరునాడు వెంగళరావు నగర్ వెళ్లాను. మిషన్ల చప్పుడు మధ్య సుజాత ఎదురుగా కూర్చుని, ఎన్నాళ్లుగానో కూడబెట్టుకున్నదంతా చెప్పాను. పక్క వార్డు సీటు సంగతి, నేనెందుకు నోరు మూసుకున్నానో అది కూడా. ఆమె విన్నది. మధ్యలో ఆపలేదు.

"ఇది నాకు ఎరుకున్న ముచ్చటే గద అక్కా. నాకెందుకు చెప్తున్నవ్? తెల్వనోళ్లకు చెప్పు," అంది. లేచి మిషన్ల దగ్గరికి వెళ్లిపోయింది. కోపంగా అనలేదు. క్షమించినట్టూ అనలేదు.

తర్వాత కొన్నాళ్లకు వేరే ఊరి మునిసిపాలిటీ నుంచి కొత్తగా గెలిచిన ఆడవాళ్లు మా విశ్రాంతి భవనం చూడడానికి వచ్చారు. కొందరి భర్తలూ వచ్చారు. మా ఇంట్లో టీలు తాగుతుండగా నా భర్త మామూలుగానే కథ ఎత్తుకున్నాడు. సుజాత పేరు దగ్గరికి వచ్చేసరికి నేను లేచి నిలబడ్డాను.

"సుజాత మర్చిపోలే. ఆమెకు నేను చెప్పనే లేదు. మీకు చెప్పొద్దనే చెప్పలే. నింద ఆమె మీద ఏసిన. భవనం నిలబడాలని ఆమె మోసింది. ఆమెకు సీటొచ్చే రోజు కూడ నేను నోరు తెరవలే."

సభలో కంటే గట్టిగానే అన్నాను. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. వచ్చినవాళ్లు మొహాలు చూసుకున్నారు. ఒక చిన్న వయసు సభ్యురాలు మాత్రం నన్నే చూస్తూ ఉండిపోయింది. మెచ్చుకుంటోందో అసహ్యించుకుంటోందో నాకు అర్థం కాలేదు.

ఆయన నాతో అవసరానికి మాత్రమే మాట్లాడుతున్నాడు. సుజాతకు విషయం తెలిసే ఉంటుంది, ఫోన్ చేయలేదు. చేస్తుందని నేను ఎదురుచూడడమూ లేదు. పోయిన సీటు నా ఒప్పుకోలుతో తిరిగి రాదు. అయినా నా గొంతు నాకు మళ్లీ నాదిగా వినిపిస్తోంది. ఆ కథ మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు. ఇకమీదట దాన్ని చెప్పాల్సింది నేనే, అందులో సుజాత చేసినదంతా కలిపి. అందుకే మీతో మొదలుపెట్టాను.