పిన్ని విన్న పిలుపు

ఎవరైనా దెయ్యం కథలు మొదలుపెడితే నాకు ఆవలింతలు వచ్చేవి. ఫిజిక్స్ చదివినదాన్ని, ఇప్పుడు అండమాన్‌లోని రంగత్‌లో పిల్లలకు అదే చెబుతున్నాను. అలాంటివి అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. నాకు జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

మాది రంగతే. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాం. నాన్నకు బజార్లో సిమెంటు, ఇనుము కొట్టు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. పోర్ట్ బ్లెయిర్‌లో సీటొస్తే, కొట్టుకి వచ్చిన ప్రతివాళ్లకీ నాన్న ఆ సంగతే చెప్పేవాడు.

అక్కడ జంగ్లీఘాట్‌లో ఒక మేడ మీద గది తీసుకున్నాను. కింద ఇంటివాళ్లు సత్యవతి పిన్ని, బాబాయి. చుట్టాలేం కాదు, మన తెలుగువాళ్లే కదా అని అలా పిలిచేదాన్ని. బాబాయి చేపల బోటు మీద వెళ్లేవాడు.

రెండో ఏడాదిలో నాకేదో అయింది. చదివింది తలకెక్కడం మానేసింది. క్లాసులో నా పేరు పిలిస్తే గుండె దడదడలాడి చేతులు చల్లబడేవి. తర్వాత వెళ్లడమే మానేశాను. తల దువ్వుకోవడం కూడా పెద్ద పనైపోయింది. ఫోన్లో మాత్రం బాగా చదువుతున్నాననే చెప్పేదాన్ని. నాన్న గొంతులో సంతోషం వింటే నిజం నోటికొచ్చేది కాదు.

దాన్ని జబ్బు అంటారని నాకు తెలీదు. నేనే చేతకానిదాన్ని అనుకున్నాను. పిన్ని ఎప్పుడైనా పలకరిస్తే, పరీక్షలున్నాయని తలుపేసుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం, బాగా వాన పడుతుండగా, ఇక బతకడం నా వల్ల కాదని తేల్చుకున్నాను. అంతకంటే వివరం చెప్పను. తలుపు గడియ పెట్టి, గోడకానుకుని నేల మీద కూర్చున్నాను. నోరు మెదపలేదు. ఏడుపు కూడా రాలేదు. ఎవరూ రాకూడదని మాత్రం అనుకున్నాను. అది నాకు బాగా గుర్తు.

అంతలో ఎవరో గబగబా మెట్లెక్కి తలుపు బాదారు. పిన్ని గొంతు. ఊరుకుంటే పోతుందనుకున్నాను. పోలేదు. చివరికి లేచి గడియ తీశాను.

పిన్ని నిలువునా తడిసిపోయి ఉంది. చేతులకు ఇంకా పిండి ఉంది.

"ఏటమ్మా, అలగ పిలిసినావు?"

నేను పిలవలేదన్నాను.

"నువ్వే కదేటి. వంటింటి గుమ్మం కాడ నిలబడి, పిన్నీ, నన్నొక్కదాన్నీ వదిలీకు అన్నావు. ఇటు తిరిగేసరికి నువ్వు నేవు."

నా మొహం చూసింది. గదిలోకి చూసింది. ఇంకేం అడక్కుండా లోపలికొచ్చి, నా చెయ్యి పట్టుకుని నేల మీద కూర్చుంది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. అన్ని నెలల్లో నేనొకరికి నిజం చెప్పడం అదే మొదటిసారి.

సాయంత్రం వాళ్లిద్దరూ నన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టర్ దీదీ ఓపిగ్గా విన్నది. ఇది జబ్బే, నయమవుతుంది, నీలాంటి పిల్లలు చాలామంది వస్తుంటారు అని హిందీలో చెప్పింది. కబురు తెలిసి నాన్న బస్సెక్కి వచ్చేశాడు. తిడతాడనుకున్నాను. చాలాసేపు నా మంచం పక్కనే కూర్చుని, "చదువు ఎక్కడికీ పోదు. నువ్వు ముందు తిను," అన్నాడు. మందులు వాడాను, డాక్టర్ దగ్గరికి వెళ్లి మాట్లాడుతూ వచ్చాను. ఏడాది వెనకబడ్డాను గానీ డిగ్రీ పూర్తి చేశాను.

ఆ పిలుపు సంగతి కూడా డాక్టర్‌కి చెప్పాను. నీకు తెలీకుండానే అరిచి ఉంటావంది. అయ్యుండొచ్చు. కానీ పిన్ని విన్నది మేడ మీద నుంచి కాదు, తన వెనక నుంచి. అరుపూ కాదు, మామూలుగా అన్న మాట. మా మెట్లు ఇంటి బయట ఉంటాయి. బాబాయి ఆ మెట్ల ఎదురుగా వరండాలో వల బాగుచేసుకుంటున్నాడు. ఎవరూ దిగలేదన్నాడు. కింద వంటింట్లో నా గొంతు మాత్రం ఆయనా విన్నాడు. అంత వానలో నా బట్టలు పొడిగానే ఉన్నాయి.

పిన్నికి ఇందులో వింతేం కనబడదు. ఇప్పుడు అడిగినా, నువ్వే కదే పిలిసినావు అని విసుక్కుంటుంది. నేను వాదించను.

ఆ పూట నాకు బతకాలని లేదు. వదలొద్దని బతిమాలింది మాత్రం నా గొంతేనట. అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరిదో, ఇవాళ్టికీ నాకు తెలీదు.