పిడికిలి విప్పకుండా నడవడం

అరవైల మొదట్లో అనంతపురంలో కాలేజీలో చేరిన నెలకే, నాకు నడవడం రాదని తెలిసింది. అప్పటికి పదహారేళ్లుగా నడుస్తూనే ఉన్నాను. పొద్దున ఆరింటికి మైదానంలో మమ్మల్ని వరుసలు కట్టించి, పట్టాళంలో పనిచేసి వచ్చిన కవాతు ఉస్తాదు "తేజ్ చల్" అంటూ వేగంగా నడవమనేవాడు. నాలో తేజమూ ఉండేది కాదు, చలనమూ ఉండేది కాదు. కవాతులో అందరికీ అడుగులు పడితే నాకు వాతలు పడేవి.

కాళ్లు ఎలాగో దారికొచ్చాయి. ముప్పై అంగుళాల అడుగు, నిమిషానికి నూట ఇరవై. చేతితోనే తంటా. పిడికిలి బిగించి, బొటనవేలు పైన ఆనించి ఊపాలి. నా కుడి పిడికిలి అడుగడుక్కీ విచ్చుకునేది.

"ఏమప్పా, ఈడ ఇత్తనాలేస్తాండావా?" అన్నాడు ఉస్తాదు. వరుసంతా నవ్వింది.

ఆయన ఎగతాళికి అన్నా నిజమదే. గార్లదిన్నె దగ్గర మా మెట్ట చేలో నాయన గొర్రు తోలితే, వెనకే అమ్మా నేనూ నడుస్తూ, దాని వెదురు గొట్టాల్లోకి శెనక్కాయ విత్తనాలు వదిలేవాళ్లం. ఆ ఏడు ఆగస్టు వచ్చినా వాన రాలేదు. నా చేయి ఆగలేకపోయిందేమో.

పంద్రాగస్టు పరేడుకు ముప్పైమందిని ఎంచుతామన్నారు. ఎంచకముందే అమ్మకు మాటిచ్చేశాను, బస్సెక్కించి తెచ్చి నా నడక చూపిస్తానని. ఉస్తాదు నా పిడికిట్లో ఒక శెనక్కాయ విత్తనం పెట్టాడు. "పరేడయ్యేతలికి ఇది చేతిలో ఉంటే నువ్వూ ఉంటావు."

మొదటి రోజు చేయి ఖాళీ.

"యాడ పడేసినావ్?"

"పడేయలేదు ఉస్తాద్. తినేసినా."

మైదానం చుట్టూ మూడుసార్లు పరుగెత్తించి, ఇంకో విత్తనం పెట్టాడు. వారం తిరిగేసరికి విత్తనం చెమటకు నాని పొట్టూడింది గానీ చేయి దాటలేదు. నన్ను ఎంచుకున్నాడు.

"ధీరే చల్" అనే నెమ్మది నడక నేర్పిన రోజు ఆయన దాని కథ చెప్పాడు. "అప్పట్లో తుపాకి నింపేకి శానా సేపు పట్టేది. దండంతా భుజానికి భుజం ఆనించి, డప్పు మింద ఒక్కో అడుగేస్తా పోయేది. ఒకడు తోసుకోని ముందుకు పోతే వరసే చెడిపోతాది. ఇప్పుడు యుద్ధంలో ఆ నడక యాడుండాదప్పా? జెండా ముందర, సచ్చిపోయినోని ఎనక. అంతే."

గొర్రు వెనక కూడా ఉందని నాకు నోటిదాకా వచ్చింది.

పద్నాలుగో తేదీ మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. సాయంత్రం చిన్నాయన తడిసిన సైకిలుతో హాస్టలుకు వచ్చాడు. "నేల పదను రెండు దినాలు గూడా నిలవదు. కూలోళ్లు దొరకలేదు. రేపే ఇత్తనం, రాప్పా." గోడకు వేలాడుతున్న ఇస్త్రీ ఖాకీ చొక్కాను ఇద్దరం చూశాం. "బాగుండాది," అన్నాడు చిన్నాయన. నేను సైకిలెక్కాను.

మరునాడు మిగిలిన ఇరవై తొమ్మిదిమంది మైదానంలో నడిచే వేళకు నేను అమ్మ పక్కన నడుస్తున్నాను. కాళ్లు ముప్పై అంగుళాలకు తగ్గనంటున్నాయి.

"ఎద్దుల్ని దాటుకోని యాడికి పోతావురా? మెల్లగా," అంది అమ్మ.

అది కాక మరో తిప్పలు. పిడికిలి విచ్చుకోవడం మానేసింది. విత్తనాలు చేతిలోనే ఉండిపోతున్నాయి. "ఇదేం చదువురా నాయనా," అంటూ అమ్మ నా వేళ్లు ఒక్కొక్కటే విప్పింది.

మరుసటి ఏడు పరేడులో నేను నడిచాను, పిడికిలి విప్పకుండానే. బస్సెక్కి రావలసిన మనిషే అప్పటికి లేదు. ఈ వయసులో డాక్టరు చెప్పాడని పొద్దున నడుస్తుంటే, దాన్ని విప్పే అమ్మ వేళ్ల కోసం నా చేయి ఇప్పటికీ ఊరికే బిగుసుకుంటుంది.

ఆ మొదటి ఏడు, విత్తనం వేసి తిరిగొచ్చిన రోజు ఉస్తాదు మైదానంలో ఒక్కడే ఉన్నాడు. తిట్లకు సిద్ధమై సావధాన్‌లో నిలబడ్డాను.

"ఎన్నెకరాలేసినారు?"

"నాలుగు, ఉస్తాద్."

"పదను బాగుండెనా?"

"ఉండె."

ఆయన బూటు మొనతో నేలను గీకి చూశాడు. "మా చేను బత్తలపల్లె కాడ. గొర్రు ఎనక నడిచి పదైదేండ్లాయప్పా."

తరువాత తనకు తానే "ధీరే చల్" చెప్పుకుని బయలుదేరాడు. నిటారుగా, గడ్డం పైకెత్తి. కుడి పిడికిలి మాత్రం అడుగడుక్కీ విచ్చుకుంటోంది. పది అడుగులు పోయి ఆగాడు.

"సరిగ్గా పోతాండానా?"

"ఎద్దుల్ని దాటుకోని పోతాండారు ఉస్తాద్," అన్నాను. "మెల్లగా."

ఆయన అడుగు చిన్నది చేసుకున్నాడు.